డ్రమ్ము పొయ్యి – మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, కోసిగి మండలంలోని ఒక సంఘం లీడరు తమ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, కట్టింది ఎంత అనే లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇప్పుడు మేము ఒక్క పని గురించే చెప్తాము. ఇనుప డ్రమ్ముతో పొగ పొయ్యి చేసుకొని, దాంట్లో కోడి కాల్చి అమ్ముతా ఉన్నాము. అది ఎట్ల చేసినామో, యాడ తప్పు పోయినామో రెండూ చెప్తాము. మా తప్పులు విన్నారంటే మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

ఎందుకు మొదలు పెట్టినాము

మన కోసిగి పక్క సుగ్గి సంగతి మీకు మేము చెప్పాల్సిన పని లేదు. దసరా, దీపావళి అయినాక ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు పక్క పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి పోతారు. కొందరు బెంగుళూరు, హైదరాబాదు బేల్దారి పనులకు పోతారు. మల్లా ఉగాదికే ఇంటి మొగం చూసేది. పిల్లలను ఎంట తీసుకపోతే బడి పోతుంది, ఇడిసిపెట్టి పోతే అవ్వతాతల మీద భారం పడుతుంది. మా సంఘంలో పది మందిమి ఉన్నాము. పోయిన యేడు ఆరు మంది సుగ్గికి పోయినారు. నెల మీటింగుకు నలుగురమే కూర్చొని తీర్మానం రాసుకొంటిమి.

అట్ల కూర్చున్న ఒక మీటింగులోనే ఈ మాట వచ్చింది. మా సంఘంలో ఒక చెల్లెలి ఇంటాయన బెంగుళూరులో హోటల్ పని చేసి వచ్చినాడు. అక్కడ డ్రమ్ము నిలబెట్టి, అడుగున బొగ్గులు పోసి, పైన కోళ్లు వేలాడదీసి మూత పెడతారని చెప్పినాడు. మంట తగలకుండా, వేడికీ పొగకూ నిదానంగా ఉడుకుతుందంట. డ్రమ్ము మనకు దొరుకుతుంది, బొగ్గులు దొరుకుతాయి, జొన్నరొట్టె చేసే చేతులు మనకు ఉన్నాయి, మనమెందుకు చేయకూడదు అనుకొంటిమి.

మా సంఘంలో అందరికంటే పెద్దామె, మేమందరమూ అవ్వా అని పిలుస్తాము, ఆమె వెంటనే ఎదురు చెప్పింది. "1999లో దీపం పథకం పెట్టి సంఘం ఆడోళ్లకు గ్యాసు ఇచ్చినారు. కండ్లు మండే పొగ నుంచి బయట పడితిమి. ఇప్పుడు డబ్బు ఇచ్చి పొగ కొనుక్కుంటారా?" అనింది. ఆ మాటను మేము తీసిపారేయలేదు. తీర్మానం పుస్తకంలో రాసుకున్నాము. ఇంట్లో పెట్టకూడదు, చావిడి కింద పెట్టకూడదు, చంకన బిడ్డ ఉండే తల్లి పొయ్యి కాడ నిలబడకూడదు అని మూడు నిబంధనలు ముందే పెట్టుకున్నాము. అప్పుడు అవ్వ కూడా వేలిముద్ర వేసింది.

ఇది కొత్త వంటేమీ కాదు

పొగలో మాంసం పెట్టేది మనకు తెలియని పని కాదు. మన పెద్దలు మాంసం తునకలకు ఉప్పు, పసుపు పట్టించి, దండానికి ఎండేసి, పొయ్యి మీద పొగ తగిలేటట్ల వేలాడదీసి దాచుకుండేవారు. అరకు పక్క వెదురు బొంగులో కోడి కూరి నిప్పుల మీద కాలుస్తారు, బొంగు చికెన్ అంటారు. హైదరాబాదులో బార్కస్ అనే పేట ఉంది. నిజాం కాలంలో యెమెన్ దేశం నుంచి వచ్చినోళ్ల సంతతి అక్కడ ఉంటారు. వాళ్ల మందీ వంటకు అసలు పద్ధతి భూమిలో గుంత పొయ్యి పెట్టి, మూత మూసి మాంసం ఉడికించేదే. ఇప్పుడు పట్నాల్లో బార్బెక్యూ అని బోర్డులు చూస్తాము కదా, ఆ మాట వెస్టిండీస్ దీవుల్లోని పాత జనాల మాట నుంచి వచ్చింది. కట్టెలతో మంచె కట్టి, దాని మీద మాంసం పెట్టి కింద నిప్పు వేసేదాన్ని వాళ్లు అట్ల పిలిచేవారు.

ఆ దీవుల్లోనే జమైకా ఉంది. అక్కడ రోడ్డు పక్కన డ్రమ్మును నిలువుకు రెండుగా కోసి, దాంట్లో కారం పట్టించిన కోడి కాల్చి అమ్ముతారు. మన చేన్ల గట్ల మీద, వంకల పక్కన ఉండే సర్కారు కంప ఉంది కదా, 1870లలో మద్రాసు అటవీశాఖోళ్లు దాని విత్తనాలు తెప్పించింది ఆ జమైకా నుంచే. అమెరికాలో మాంసానికి పొగ పట్టించేదానికి మెస్కీట్ అనే కట్టెను బాగా వాడతారు, అది కూడా ఈ కంప జాతిదే. మనం తిట్టుకుంటా నరికే కంపే ఈ పనికి సరైన కట్టె అని తెలిసి మాకు నవ్వొచ్చింది.

మొదటి డ్రమ్ము సంగతి

ఇక మా తప్పు చెప్తాము. పాత ఇనుము అంగడిలో 700 రూపాయలకు ఒక డ్రమ్ము దొరికింది. చౌకగా వచ్చిందని సంతోషపడితిమి. దాంట్లో ముందు ఏముండేదో అడగలేదు. పైన అంటించిన కాగితం చింపేసి ఉంది. మూత తీస్తే ఘాటు వాసన వచ్చింది. నిప్పు పెట్టి కాలిస్తే అన్నీ పోతాయని ఒకాయన చెప్పినాడు. రెండు గంటలు కట్టెలు వేసి కాల్చినాము. చల్లారినాక వాసన లేదు. వెల్డింగు చేయించి, బొక్కలు కొట్టించి, మరుసటి వారం బొగ్గులు వేస్తే వేడెక్కినాక మల్లా అదే వాసన.

అప్పటికి వెల్డింగుతో కలిపి 1,500 ఖర్చు అయ్యింది. అది పొదుపు డబ్బు. ఇద్దరు ముగ్గురు, "ఇంకో నాలుగు సార్లు కాలిస్తే పోతుంది, డబ్బు పారేసుకోవద్దు" అన్నారు. వాళ్లు చెడ్డోళ్లు కాదు, ఆ 1,500 సంపాదించేదానికి ఎన్ని దినాలు వంగి పని చేయాలో తెలిసినోళ్లు. అప్పుడు పత్తి చేన్లో మందు కొట్టే పని చేసే ఒక వదిన లేచి, "మందు డబ్బా కడిగి మీ పిల్లోనికి దాంట్లో నీళ్లు తాగిస్తారా?" అని ఒక్క మాట అడిగింది. ఎవ్వరమూ మాట్లాడలేదు.

ఆ డ్రమ్మును పారేసినాము. ఉట్టిగా పారేయలేదు, నీళ్లు పట్టుకునేదానికి ఎవరైనా తీసుకపోతారని గడ్డపారతో చుట్టూ పొడిచి పనికిరాకుండా చేసినాము. 1,500 నష్టం అని లెక్కల పుస్తకంలో ఎర్ర సిరాతో రాసినాము. ఈ పని నేర్చుకునేదానికి మేము కట్టిన ఫీజు అది.

డ్రమ్ము ఎట్లది కొనాల

వంటనూనె లాంటి తినే వస్తువు వచ్చిన డ్రమ్మే కొనాల. అమ్మేవాడు దాంట్లో ఏమొచ్చిందో చెప్పలేకపోతే తీసుకోవద్దు. పురుగుమందు, రంగు, యాసిడ్, పెట్రోలు, ఇంజను ఆయిలు డ్రమ్ములు ఎంత చౌకైనా వద్దు. జింకు పూత ఉండే తెల్ల డ్రమ్ము, తెల్ల జాలీ కూడా వద్దు. జింకు బాగా వేడెక్కితే దాని పొగకు చలిజ్వరం వస్తుంది. మేము రెండోసారి ఆదోనికి పోయి, వంటనూనె వచ్చిన డ్రమ్ము 1,300కు తెచ్చుకున్నాము.

ఇంకొక ప్రాణం మీది సంగతి. మూతి బిగించి ఉన్న డ్రమ్మును గ్యాసు కట్టరుతోనో, గ్రైండరుతోనో కోయించవద్దు. లోపల ఆవిరి ఉంటే పేలుతుంది. బిరడాలు రెండూ తీసి, నిండా నీళ్లు పోసి ఒక దినం పెట్టి, పారబోసి, మూతులు తెరిచి ఉంచినాకనే కోయించాల. ఆ పని తెలిసినోళ్ల చేతనే చేయించాల.

ఎట్ల చేసినాము

మామూలు 200 లీటర్ల డ్రమ్ము మూడు అడుగులకు రొంత తక్కువ ఎత్తు, రెండు అడుగులకు రొంత తక్కువ అడ్డం ఉంటుంది. పైమూత అంచు పక్కనే గుండ్రంగా కోయించి, దానికి కట్టె పిడి పెట్టించినాము.

అడుగు నుంచి రెండు ఇంచులు పైన, నాలుగు దిక్కులా నాలుగు బొక్కలు, ముక్కాలు ఇంచువి కొట్టించినాము. గాలి పోయే దారులు ఇవే. మూడింటికి బోల్టు బిరడాలు, నాలుగో దానికి నీళ్ల పైపు వాల్వు పెట్టించినాము. మూతకు అర ఇంచు బొక్కలు ఎనిమిది కొట్టించినాము, పొగ బయటికి పోయేదానికి.

బొగ్గులకు ఇనుప జాలీతో బుట్ట చేయించినాము. అడ్డం 14 ఇంచులు, ఎత్తు 8 ఇంచులు. కింద మూడు ఇంచుల కాళ్లు ఉంటాయి, కాళ్ల నడుమ బూడిద పళ్లెం. పై అంచు నుంచి ఏడు ఇంచులు కిందికి నాలుగు బోల్టులు లోపలికి బిగించి, వాటి మీద కడ్డీల జాలీ పెట్టినాము. బొగ్గుల బుట్ట అడుగుకూ ఆ జాలీకీ నడుమ రెండు అడుగుల దూరం ఉంటుంది. ఆ దూరమే అసలు కిటుకు. దగ్గరగా ఉంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

రంగుకు, లోపలి పూతకు ఏమీ మిగలకుండా కట్టెలతో రెండు గంటలు కాల్చి, ఇనుప బ్రష్షుతో గీకి, కడిగి ఆరబెట్టినాము. పూత అక్కడక్కడ ఊడి రాకపోతే గ్రైండరుతో తీయించినాము. లోపలి పక్క శనగనూనె పలచగా రుద్ది, ఏమీ పెట్టకుండా మూడు గంటలు బొగ్గులతో వేడి చేసినాము. అప్పుడు లోపల నల్లగా గట్టి పొర పట్టింది. అది తుప్పు పట్టనీయదు.

డ్రమ్ము, వెల్డింగు, జాలీ, వాల్వు, రెండు థర్మామీటర్లు అన్నీ కలిపి 4,200 అయ్యింది. మొదటి నష్టం కాకుండా.

ఏ కట్టె వేయాల, ఏది వేయకూడదు

బొగ్గులు కంప బొగ్గులే. పొగకు బాగా ఎండి, తొక్క తీసిన కంప కట్టె, లేకపోతే చింతకట్టె, పిడికెడంత ముక్కలు రెండు మూడు చాలు. శనక్కాయ పొట్టు వేసి చూసినాము, దబ్బున మండి చేదు పొగ వచ్చింది. పత్తికట్టె మన దగ్గర ఉట్టిగానే దొరుకుతుంది, అయినా వేయము. ఎన్ని మందులు కొట్టిన చెట్టో మనకు తెలుసు. గన్నేరు, జిల్లేడు పొయ్యి దగ్గరికే రాకూడదు, అవి విషం. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు వద్దు. కిరసనాయిలు పోసి అంటించవద్దు, ఆ వాసన కోడిలో దిగుతుంది.

కాల్చే పద్ధతి

బుట్టలో నాలుగు కిలోల బొగ్గులు పోసి, నడుమ గుంత చేయాల. పది పన్నెండు బొగ్గులు వేరే కుంపట్లో ఎర్రగా చేసి ఆ గుంతలో పెట్టాల. అట్ల చేస్తే నిప్పు నడుమ నుంచి నిదానంగా పాకుతుంది, ఒక్కసారే మండదు. నాలుగు గాలి బొక్కలూ తెరిచి పెట్టి, వేడి 120 డిగ్రీలకు వస్తానే మూడు మూసేయాల. మిగిలిన వాల్వును తిప్పుతా 130, 140 మధ్యన నిలబెట్టాల. వేడి బాగా ఎక్కినాక దించేది కష్టం, అందుకే ముందే మూయాల.

మొదట్లో తెల్లగా, దట్టంగా పొగ వస్తుంది. అప్పుడు కోడి పెట్టవద్దు. అరగంటకు పొగ పలచబడి, చూస్తే కనపడీ కనపడనట్ల నీలంగా అయితుంది. అప్పుడు పెట్టాల. తెల్ల పొగలో పెడితే మసి రుచి వస్తుంది. మా మొదటి ఆదివారం అట్లనే అయ్యి, కొన్నోళ్లలో నలుగురికి డబ్బులు వాపసు ఇచ్చినాము.

కోడిని తోలుతోనే తీసుకుంటాము, తోలు ఉంటే ఎండిపోదు. నిలువుకు రెండు చేసి, కిలోకు 15 గ్రాముల ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, బ్యాడిగ కారం, ధనియాల పొడి, నిమ్మరసం, శనగనూనె పట్టిస్తాము. రంగు పొడి వేయము, బ్యాడిగ మిరపకాయే రంగు ఇస్తుంది. కొక్కేలకు తగిలించి మూత పెడితే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఊరికే మూత తీసి చూడవద్దు. తీసినప్పుడల్లా గాలి దూరి మంట లేస్తుంది.

ఉడికిందా లేదా అని రంగు చూసి చెప్పవద్దు. పొగకు లోపల మాంసం ఎర్రగానే కనపడవచ్చు. తొడలో లావు చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చాల. 74 డిగ్రీలు దాటితేనే తీయాల. అన్నీ అయినాక గాలి బొక్కలూ మూత బొక్కలూ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గులు మరుసటి వారానికి పనికొస్తాయి.

జాగ్రత్తలు

మన పక్క ఎండలు మీకు తెలుసు. పచ్చి కోడి గంటకు మించి బయట ఉండకూడదు. ఐసు డబ్బా లేకుండా ఈ పని మొదలు పెట్టవద్దు. పచ్చి కోడి కత్తి, పీట వేరే, కాల్చిన కోడికి వేరే. మేము ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ కట్టి గుర్తు పెట్టుకున్నాము. బొగ్గుల పొగలో కంటికి కనపడని, వాసన లేని విషవాయువు ఉంటుంది. వాన వచ్చిందని డ్రమ్మును గదిలోకి తెచ్చుకుంటే ప్రాణం పోతుంది. ఆరింది అనుకున్న డ్రమ్మును కూడా రాత్రి ఇంట్లో పెట్టవద్దు.

ఇంకొక మాట. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగ పట్టించి, ఉప్పు పట్టించి నిలవ చేసిన మాంసం ఎక్కువ తింటే క్యాన్సర్‌కు దారి తీస్తుందని చెప్పింది. మాది అప్పటికప్పుడు కాల్చి తినేదే, అయినా మాడిన తోలు తీసేసే ఇస్తాము. పండగ పూట తినే వంటే, దినామూ తినేది కాదని అడిగినోళ్లకు చెప్తాము. చెప్తే బేరం పోతుందేమో అని భయపడితిమి. ఇంతవరకు పోలేదు.

తినే వస్తువు అమ్మేదానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ ఉండాల. చిన్న వ్యాపారానికి యేడాదికి 100 రూపాయలు ఫీజు కట్టి చేయించుకున్నాము. మంత్రాలయం పక్క పోయి పెడితే బేరం బాగుంటుందని కొందరు చెప్పినారు. స్వామి దర్శనానికి వచ్చేటోళ్ల దారిలో మాంసం పొగ పెట్టేది మర్యాద కాదని మేమే వద్దనుకున్నాము.

లెక్క

ఒక ఆదివారం లెక్క చెప్తాము. 10 కోళ్లు, 12 కిలోలు, 2,640. బొగ్గులు 150. మసాలా, నూనె, ఐసు, జొన్నపిండి 450. మొత్తం ఖర్చు 3,240. అర కోడి, రెండు జొన్నరొట్టెలు, ఎర్రగడ్డ ముక్కలు కలిపి 220కి ఇస్తాము. 20 అమ్మితే 4,400. మిగిలేది 1,160. దాంట్లో 160 డ్రమ్ము రిపేరుకు తీసి పెడతాము. 1,000 రూపాయలు పని చేసిన ముగ్గురికి. మనిషికి 330 వస్తుంది, 10 రూపాయలు హుండీలో వేస్తాము. రెండు కోళ్లు మిగిలిపోతే ఆ దినం కూలి చేతికి రాదు. అందుకే శనివారం సాయంత్రానికే ఫోన్లలో ఆర్డర్లు రాసుకొని, అన్నే కోళ్లు తెస్తాము.

ఎవరికి పని అనే కాడ

డబ్బు కనపడినాక సంఘంలో మాటలు వచ్చినాయి. డ్రమ్ము అందరిదీ, ముగ్గురికే పని ఉంటుంది, ఎవరు నిలబడాల? రెండు మీటింగులు కొట్లాడుకొంటిమి. ఒక అక్క మీటింగు మధ్యలో లేచి పోయింది కూడా. చివరికి తీర్మానం ఇట్ల చేసినాము. సుగ్గి నెలల్లో, పిల్లల బడి కోసం ఊర్లో నిలిచిపోయే తల్లికి మొదటి వంతు. మిగిలిన నెలల్లో అందరికీ వరసగా వంతు. లేచి పోయిన అక్కే మరుసటి నెలకు వచ్చి, ఇది న్యాయమే అని సంతకం పెట్టింది.

డ్రమ్ము సుగ్గిని ఆపింది అని మేము చెప్పము. వారానికి 330తో ఎవరి సంసారమూ గడవదు. ఈ యేడు కూడా మా సంఘంలో ఐదు మంది సుగ్గికి పోయినారు. పోయిన యేడు ఆరు మంది. తేడా ఒక్కరే. ఆ ఒక్కామెకు పదో తరగతి చదివే కూతురు ఉంది. ఇంటాయన ఒక్కడే గుంటూరుకు పోయినాడు. అత్తమ్మ పింఛను, రెండు మేకలు, ఊర్లో దొరికిన కూలి, ఆదివారం డ్రమ్ము, ఇవన్నీ కలిపి ఆమె ఊర్లో నిలబడింది. కూతురు బడి ఒక్క దినం కూడా పోలేదు. ఆ పాప పరీక్షలు రాస్తా ఉంటే, పొద్దున్నే బడి గేటు కాడ నిలబడింది ఆమె ఒక్కతే కాదు, ఊర్లో ఉన్న సంఘమంతా పోయి నిలబడితిమి. మాలో పదో తరగతి దాకా చదివింది ఒక్కరే. ఆ చదువుతోనే ఈ లెక్కల పుస్తకం నడుస్తా ఉంది.

కాబట్టి అక్కలారా, చెల్లెండ్లారా, ఈ పని చేయాల అనుకున్నోళ్లు డ్రమ్ము కొనకముందే ఒక ఆదివారం మా ఊరికి రండి. పొయ్యి చూడండి, లెక్కల పుస్తకం చూడండి, ఎర్ర సిరాతో రాసిన పేజీ కూడా చూడండి. దాచుకునేది ఏమీ లేదు. మా అవ్వ పొయ్యికి గాలి వచ్చే పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని ఉంటుంది. ఇంకా పొగ వద్దనే అంటుంది, అర కోడి మాత్రం పక్కన పెట్టమంటుంది.